మాది ఒంగోలు దగ్గర

1949 జనవరి 3, సోమవారం, సికింద్రాబాదు

గోదాము సీలు ఈ రోజు కూడా తీయలేదు. గేటు దగ్గర కొత్త జవాను నిలబడి ఉన్నాడు. పాతవాడు నన్ను చూస్తే లేచి సలాం పెట్టేవాడు. ఇతను ఎవరని అడిగాడు. పదిహేడేళ్లు ఇందులోనే లెక్కలు రాశానని చెప్పాను.

"మాలిక్ కరాచీ పోయిండు గద. ఇంకేం లెక్కలు రాస్తవ్?" అన్నాడు.

తోళ్ల వాసన మాత్రం గోడ దాటి వస్తూనే ఉంది. కాసేపు నిలబడి వచ్చేశాను. నా భార్య సలోమి బడిలో పాఠాలు చెప్పి వచ్చాక గోదాము సంగతి అడగలేదు.

ఖర్చు: కిరోసిన్, ఉప్పు.

జనవరి 6

రెండు ఆఫీసులకు వెళ్లాను. మొదటిదానిలో గుమాస్తా పని ఉందట, కానీ గ్రాడ్యుయేట్లకే. రెండోదానిలోనూ అంతే. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు చదువుతాను, రాస్తాను, టైపు కూడా వచ్చు అన్నాను. ఎక్కడ చదివావని అడిగారు. ఎక్కడా చదవలేదని చెబితే ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

దారిలో ఆర్థర్ కలిశాడు. మా చర్చివాడే, రైల్వేలో టికెట్లు కొడతాడు.

"జకర్యా అన్నా, గంజి పోయనీకి సుత బి.ఏ. అడుగుతున్నరు గీ దినాలల్ల. నీ ఇంట్ల ఒక బి.ఏ. ఉంది గద, బయట నువ్వెందుకు తిరుగుతవ్? వదినమ్మను తోలు!"

నవ్వాను. తర్వాత దారంతా ఆ మాటే మెదులుతూ ఉంది.

జనవరి 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారి వరండాలో పత్రిక చూశాం. బాలికల పాఠశాలలకు పట్టభద్రులైన స్త్రీలు కావాలని విద్యాశాఖ ప్రకటన. ఇకమీదట పాఠాలు ఉర్దూలో కాదట, తెలుగు, ఇంగ్లీషు చెప్పగలవాళ్లు కావాలట. సలోమి రెండుసార్లు చదివింది.

"రాద్దామా?" అంది, ఉప్పు తెద్దామా అన్నంత మామూలుగా.

"రాద్దాం," అన్నాను.

సలోమిది గుంటూరు వైపు. వాళ్లమ్మ రోసమ్మ గారు మిషన్ బోర్డింగులో వంట చేసేది. మిషన్ వాళ్లే బి.ఏ. దాకా చదివించారు. ఇక్కడ మిషన్ బడిలో ఆరేళ్లుగా చిన్న పిల్లలకు చెబుతోంది. ఆ బడినీ వేసవితో మూసేస్తారని అంటున్నారు.

జనవరి 12

దరఖాస్తు సాఫుగా రాసి ఇచ్చాను. సంతకం ఆమెది. దానికి ముల్కీ పత్రం జతచేయాలి. ఈ రాజ్యంవాళ్లమని సర్కారు ఇచ్చే కాగితం. అది లేకపోతే సర్కారీ నౌకరీ లేదు. ఆమెది బయటి ఊరు, కానీ ముల్కీ మనిషి భార్య కూడా ముల్కీయే. నేను ఇక్కడే పుట్టాను. ఆమె పని ఒక్కటైనా నా వల్ల సులువుగా అవుతుంది.

జనవరి 17

ఒంగోలు నుంచి నోవహు మామయ్య ఉత్తరం. అక్కడి మిషన్ ఆసుపత్రిలో సామాను కొట్టు చూసి, లెక్కలు రాసే మనిషి కావాలట. దొరగారితో నా పేరు చెప్పాడట. డిగ్రీ ఎవరూ అడగరు. ఈస్టరు వెళ్లగానే చేరాలి. మా పల్లె అక్కడికి దగ్గరే, నాన్న వాటా సగం ఇల్లు అలాగే ఉంది.

నాన్న కంటోన్మెంటులో వంటవాడు. ప్రతి ఈస్టరుకీ "వచ్చే ఏడు మనూరు వెళ్లిపోదాం రా" అనేవాడు. ఇక్కడే పోయాడు. నేను ఆ పల్లెను చూసింది రెండుసార్లు. ఒకసారి నాయనమ్మ పోయినప్పుడు, ఒకసారి మా పెళ్లప్పుడు. అయినా కళ్లు మూసుకుంటే వీధి వీధంతా కనబడుతుంది. ఇసుక నేల, తాటాకు దడులు, పొద్దున్నే సముద్రం వైపు నుంచి గాలి. సగం నాన్న చెప్పినవే అయి ఉంటాయి.

ఉత్తరం సలోమికి చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"మీకు వెళ్లాలని ఉందా?"

"నాకు ఎటైనా ఒకటే," అన్నాను. "ముందు నీ సంగతి తేలనీ."

బియ్యం చేట పక్కన పెట్టి ఆమే అంది: "నాకు అటు వెళ్లాలని లేదండీ. అక్కడ నాకు ముప్ఫై ఏళ్లొచ్చినా బోర్డింగు రోసమ్మ కూతుర్నే. ఎవరో దయతలచి చదివించిన పిల్లనే. ఈ ఉద్యోగం నేను అడిగి, నేను నెగ్గి తెచ్చుకునేది. ఒక్కసారి అలాంటిది కావాలని ఉంది."

అంత పొడుగ్గా ఆమె మాట్లాడటం తక్కువ.

జనవరి 20, గురువారం

ముల్కీ పత్రం కోసం దఫ్తరుకు వెళ్లాను. కాగితాలు చూసే పేష్కారు పేరు తుకారాం. పాన్ నములుతూ, చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు. గోదాములో మా మాలిక్‌ని ఎరుగునట. ఆ మాటా ఈ మాటా నడిచింది. ఈ ఏడు చలి ఎక్కువగా ఉందన్నాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతూ, కలం చేతిలోనే ఉంచుకుని అడిగాడు:

"మరి మీదే ఊరు మున్షీజీ?"

"మాది ఒంగోలు దగ్గరండి," అన్నాను.

మా వాళ్లం అందరం అలాగే అంటాం. చర్చిలో ఎవరిని అడిగినా అంతే. ఒకరు నెల్లూరు అంటారు, ఒకరు బాపట్ల అంటారు. వాళ్ల పిల్లలు రైలెక్కి అటు వెళ్లి ఎరుగరు, అయినా వాళ్లూ అదే అంటారు. ఊరు ఏదంటే తాతల ఊరే చెప్పాలి. నాన్న నేర్పిన మొదటి మాటల్లో అదొకటి. నోరు అదే అనేసింది. చాయ్ కప్పు కింద పెట్టేసరికి ఆయన రాయడం కూడా అయిపోయింది.

"అరే, నాన్‌ముల్కీ అన్నట్టు గద," అన్నాడు.

"కాదండి, నేను పుట్టింది ఇక్కడే. లాలాగూడలో."

"మీరే జెప్తిరి గద ఒంగోలని. నేను అడిగిన, మీరు జెప్పిన్రు, నేను రాసిన."

"అది వాడుక మాటండి."

"వాడుక మాటలు రాయనీకి దఫ్తర్ల వేరే జాగ లేదు మున్షీజీ." నవ్వాడు కానీ కొట్టివేయలేదు. "రాసింది తుడిస్తె నా నౌకరీ పోతది. పుట్టిన కాయితం ఉంటె పట్టుకరా."

సలోమికి చెప్పలేదు. ఇంకో కాగితం కావాలన్నారని మాత్రం చెప్పాను.

జనవరి 24

బాప్తిస్మపు పత్రం తీసుకువెళ్లాను. తుకారాం దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"సికింద్రాబాదే. ఒప్పుకుంట. గని అప్పట్ల గా ఇలాఖ ఇంగ్రేజోళ్ల చేతుల ఉండె గద? మా సర్కారు ఇలాఖ కింద లెక్కనా కాదా, గది పైన అడగాలె. ముందు మీరు నోటితోని జెప్పిన జబానీ ఒంగోలని ఉంది. పైకి పంపితె ఆర్నెల్లు. ఏడాది సుత కావచ్చు."

"మా ఇంటావిడ దరఖాస్తు గడువు వచ్చే నెల పదిహేను."

"నాకెరుకే. అందుకే ఇంకో తొవ్వ జెప్త. బయటనుంచి వచ్చి పదిహేనేండ్లు ఈడ ఉన్నోళ్లు సుత ముల్కీయే. హలఫ్‌నామా ఇయ్యాలె, గంతే. మెజిస్ట్రేట్ ముంగట జెప్పాలె. వారం పది రోజుల పని."

ఉర్దూ నమూనా ఇచ్చాడు. అక్కడే చదివాను. ఈ రాజ్యంలో శాశ్వతంగా ఉంటున్నానని, తిరిగి వెనకటి ఊరికి వెళ్లి ఉండే ఉద్దేశం పూర్తిగా వదులుకున్నానని ప్రమాణం.

"నేను వెనక ఎక్కడా లేనండి. లేని ఊరికి తిరిగి పోవడమేంటి?"

"అట్లయితె తక్లీఫేంది? పోయేది లేదని రాయి."

ఆయన అన్నది నిజమే. తక్లీఫు ఏమీ ఉండకూడదు.

జనవరి 25

సలోమికి ఉర్దూ రాదు. ఆ కాగితంలో ఏముందని అడిగింది. ఎన్నేళ్లుగా ఉంటున్నాం, ఎక్కడ ఉంటున్నాం, అని చెప్పాను.

జనవరి 28

కమలాబాయి అద్దె అడగడానికి వచ్చి, అడగకుండా కూర్చుంది. ఇంటి ఓనరమ్మ. మొగుడు పోయాక నాలుగు గదులు అద్దెకిచ్చి బతుకుతోంది.

"బీబీకి సర్కారీ నౌకరీ వస్తదంట గద? మరి మీరేం జేస్తరు మున్షీ సాబ్? ఛత్రి వట్టుకొని ఎన్క వోతరా?"

సలోమి లోపల నుంచి, "ముందుగా నడుస్తారు పిన్నిగారూ, కుక్కలుంటాయి కదా," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 3, గురువారం

ప్రమాణం అయింది.

మెజిస్ట్రేట్ మదరాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన తెలుగాయన. ప్రమాణం చేయడానికి బల్ల మీద ఖురాను, గీత ఉన్నాయి. బైబిలు కోసం బంట్రోతు బీరువా వెతికాడు, దొరకలేదు. "సత్యప్రమాణంగా చెప్పండి, చాలు," అన్నాడాయన. బైబిలు లేనందుకు ప్రాణం తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసింది.

తుకారాం ఉర్దూలో చదివాడు. మెజిస్ట్రేట్ తెలుగులో అడిగాడు: "మీ ఊరికి తిరిగి వెళ్లిపోయే ఉద్దేశం పూర్తిగా వదులుకున్నారా?"

ఆలస్యం చేశానేమో, బంట్రోతు తల తిప్పి చూశాడు.

"వదులుకున్నాను."

ముల్కీ పత్రం మీద ముద్ర వేసి చేతికిచ్చారు. నా తర్వాతి మనిషిని పిలిచారు.

బయట సలోమి వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఏమడిగారు అంది. పేరు, చిరునామా అని చెప్పాను. ఆమె కాగితాన్ని మడిచి, బడి పుస్తకాల మధ్య నలగకుండా పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత దారిలో తనే మాట్లాడుతూ నడిచింది.

ఫిబ్రవరి 5

మామయ్యకు రాయాలి.

ఫిబ్రవరి 11

మామయ్యకు ఇంకా రాయలేదు. దరఖాస్తు అందినట్టు కార్డు వచ్చింది. ఎంతోమంది రాసి ఉంటారు, పిలుపు వస్తుందో రాదో. తొందరపడి మామయ్యకు రాసేస్తే ఆయన మాట పోతుంది. కొంచెం ఆగడమే మంచిది.

ఫిబ్రవరి 20, ఆదివారం

ఆర్థర్ చెప్పిన బోయిన్‌పల్లి కూరగాయల కమీషన్ వ్యాపారి దగ్గర నాలుగు రోజులు రాశాను. వంకాయలు, టమాటాలు. ఐదో రోజు వాళ్ల బావమరిది ఊరి నుంచి దిగాడు.

మార్చి 2

సలోమికి పిలుపు వచ్చింది, తొమ్మిదో తారీఖుకు. మామయ్యకు రాయలేదు.

మార్చి 9, బుధవారం

ఇంటర్వ్యూకు నేనూ వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆడవాళ్ల వెంట వచ్చిన మగవాళ్లం ఏడెనిమిది మందిమి, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వచ్చాక దారిలో చెప్పింది. ముగ్గురు కూర్చున్నారట. ఒకాయన నదుల గురించి అడిగాడట. ఒకావిడ, పిల్లలు అల్లరి చేస్తే ఏం చేస్తావని అడిగిందట. "నేనూ కాసేపు చేస్తానని చెప్పానండీ. ఆవిడ నవ్వింది, మిగతా ఇద్దరూ నవ్వలేదు." మూడో ఆయన, భర్త ఏం చేస్తారని అడిగాడట.

"ఏం చెప్పావు?"

"లెక్కలు రాస్తారన్నాను."

రాస్తారు, అందట. రాసేవారు అనలేదు.

మార్చి 13, ఆదివారం

పాస్టరు గారు సలోమి ఉద్యోగం కోసం పేరు పెట్టి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ పెదవులు కదిపాను. తర్వాత ఆలోచిస్తే, ఆ కాసేపూ నేను ఇసుక నేల మీద నడుస్తున్నాను.

అలసటే కారణం. రాత్రుళ్లు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

మార్చి 27

ఏ కబురూ లేదు. రాకపోతే రాకపోనీ, నాకు ఎటైనా ఒకటే.

ఏప్రిల్ 9, శనివారం

ఉత్తర్వు వచ్చింది. సలోమికి ఉద్యోగం ఇచ్చారు. నిజామాబాదు బాలికల మిడిల్ స్కూలు. జూన్ ఏడున చేరాలి.

పోస్టుమాను కవరు నా చేతికే ఇచ్చాడు. ఆమె బడిలో ఉంది. నడుచుకుంటూ వెళ్లి ఇచ్చాను. నల్లబల్ల పక్కన నిలబడే చదివింది. చదివి, సుద్దముక్క ఇంకో చేతిలో ఉందని మర్చిపోయి మొహం తుడుచుకుంది. బుగ్గంతా తెల్లగా అయింది. పిల్లలు గొల్లుమన్నారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది. అలా నవ్వగా చూసి ఎంత కాలమైందో.

నేను సంతోషించాను. సంతోషించానని రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 11, సోమవారం

సాయంత్రం నోవహు మామయ్య దిగాడు. ఉత్తరానికి జవాబు రాలేదని తనే వచ్చాడు. చేతిలో తాటిబెల్లం బుట్ట. గుమ్మంలోనే షురూ చేశాడు:

"ఏరా జకర్యా, చేతికేమన్నా రోగమా? రెండు ముక్కలు రాయటానికి! ఆదివారం ఈస్టరు. దొరగారికి నేనేం చెప్పను? సామాను కట్టలేదేంటి? అమ్మాయ్ సలోమీ, కాసిని నీళ్లియ్యి తల్లీ."

సలోమి నీళ్లిచ్చి నిలబడింది. తనకు ఉద్యోగం వచ్చిందని తనే చెప్పింది.

"దేవుడికి స్తోత్రం," అన్నాడు. "మంచిది. కానీ ఆడపిల్ల ఒక ఊళ్లో, మొగుడు ఒక ఊళ్లో ఏం కాపురం? చేరనని ఒక కార్డు ముక్క రాసెయ్యి. అక్కడా బడులున్నాయి, దొరసాని గారితో నేను చెబుతా. నిన్ను చదివించినోళ్లేగా, కాదంటారా?"

సలోమి నా వైపు చూసింది. మామయ్య కూడా చూశాడు. ఇక చెప్పక తప్పలేదు.

"నేను రాలేను మామయ్యా. ఊరికి తిరిగి రానని మెజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేశాను. ఆమె కాగితం కోసం."

మామయ్య నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "ఏమని?"

మళ్లీ చెప్పాను.

"మీ నాయన చచ్చేదాకా ఊరు ఊరు అని కలవరించాడు. నువ్వు ముద్రేయించి మరీ వదిలేసుకొచ్చావంట్రా! ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"ఫిబ్రవరిలో చేసి ఏప్రిల్ దాకా నన్నెందుకురా ఆపావు?"

ఆయన రాత్రికి ఆర్థర్ ఇంట్లో పడుకున్నాడు. తాటిబెల్లం మాత్రం వదిలి వెళ్లాడు.

ఏప్రిల్ 12

మామయ్య పొద్దున బండికి వెళ్లిపోయాడు. స్టేషనుకు వెళ్లాను. ఎక్కించాను. నా తల మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చేసరికి సలోమి బడికి వెళ్లకుండా కూర్చుని ఉంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

"అది కాదు. అడిగితే నేను వద్దంటానని భయపడ్డారా? సరే అంటానని భయపడ్డారా?"

ఆలోచించాను. ఆమె తొందరపెట్టలేదు.

"నీకు ఉద్యోగం రాకపోతే ఒంగోలు వెళ్దామని ఆ పని ఉంచుకున్నాను," అన్నాను. "ప్రమాణం చేశాక కూడా. మామయ్యకు అందుకే రాయలేదు."

"అంటే ఇన్నాళ్లూ నాకు రాకూడదని చూస్తున్నారు."

కాదనలేదు.

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. "నేను దఫ్తరు బయట నిలబడి, నా వల్ల మీకు ఎంత తిప్పలో అనుకున్నాను. మీరేమో లోపల ఊరిని ఇచ్చేసి, బయట దాచుకున్నారు. ఎటైనా ఒకటే అని ఇక నాతో అనకండి."

తర్వాత చెంగు సర్దుకుని బడికి బయలుదేరింది. గుమ్మంలో ఆగి అంది: "నేను జూన్‌లో ఒక్కదాన్నే వెళ్తాను. జరిమానా కట్టినట్టు మీరు నా వెంట రావద్దు. ఎప్పుడైనా రావాలని ఉంటే అప్పుడు రండి."

ఏప్రిల్ 15, గుడ్ ఫ్రైడే

చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

మే 21

చాలా రోజులుగా రాయలేదు. రాయడానికి ఖర్చులు తప్ప ఏమీ లేవు, అవీ రాయలేదు. మామయ్య దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆ కొట్టుకు వేరే మనిషిని పెట్టారట. నాన్న వాటా ఇల్లు ఆయన మనవడి కాపురానికి ఇమ్మని అడిగాడు. ఇమ్మని అదే రోజు రాసి పోస్టు చేశాను.

జూన్ 6, సోమవారం

సలోమిని నిజామాబాదు బండి ఎక్కించాను. ఒక ట్రంకు, ఒక పరుపు చుట్ట. ఎండ భరించలేకుండా ఉంది. ఆర్థర్ వచ్చి ఆడవాళ్ల పెట్టెలో చోటు చూపించాడు, సోడా తెచ్చాడు, జోకులు వేశాడు. బండి కదిలేటప్పుడు ఆమె, "బియ్యం డబ్బా అడుగున పురుగు పట్టింది, ఎండలో పోయండి," అంది.

ఎండలో పోశాను.

జూన్ 9

అన్నం మాడింది.

జూన్ 10

ఈ రోజు ఉడకలేదు. పొగ చూసి కమలాబాయి పరుగెత్తుకొచ్చింది.

"ఏందీ మున్షీ సాబ్, ఇల్లు కాలవెడ్తరా ఏంది? గిది అన్నమా, సున్నమా?" గిన్నె లాక్కుని చూసి ముక్కు మూసుకుంది. "పదిహేడేండ్లు లెక్కలు రాసిన్రు, ఎసరుకు నీళ్ల లెక్క ఎరుకలేదా?"

"నేర్పుతారా?" అని అడిగాను.

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "నిజంగనేనా?"

"నిజంగానే. ఆమె పొద్దంతా బడిలో ఉంటుంది. వచ్చి వండాలంటే చీకటి పడుతుంది."

"ఆడికి వోతరా మరి?"

"పోవాలనుంది."

అన్నాక, ఆ మాట నా నోట ఎంత సులువుగా వచ్చిందో గమనించాను. ఎవరూ ప్రమాణం చేయించలేదు, ముద్ర వేయలేదు.

"జెర గప్పుడే బీబీకి జెప్పకపోతిరి," అంది కమలాబాయి. "రేపు పొద్దుగాల రాన్రి. జొన్నరొట్టె తోని షురూ జేద్దాం. గా దిక్కు జొన్నలే."

జూన్ 19, ఆదివారం

రొట్టె విరిగిపోతోంది. వేడినీళ్లు పోయాలట. పోస్తే చేతులు కాలాయి. "కాలాలె. కాలకుంటె రాదు," అంటుంది.

జూలై 3

సలోమి కార్డు: అద్దెకు రెండు గదులు దొరికాయి, పిల్లలు మంచివాళ్లు, వాన పడింది. రమ్మని లేదు, రావద్దని లేదు.

రొట్టె గుండ్రంగా వచ్చింది. కమలాబాయి తను తిని, పక్క గదివాళ్లకు కూడా చూపించింది. నాకు సిగ్గేసింది. ఆనందంగా కూడా ఉంది.

జూలై 9, శనివారం, నిజామాబాదు

మధ్యాహ్నం దిగాను. ఇల్లు వెతుక్కుని, పక్కింటివాళ్ల దగ్గర తాళం తీసుకున్నాను. వాళ్లు నన్ను పైకీ కిందికీ చూసి, టీచరమ్మ ఏమవుతుందని అడిగారు. ఇంటాయనను అని చెప్పాను. పొయ్యి తడిగా ఉంది, అంటుకోవడానికి చాలా సేపు పట్టింది.

సలోమి వానలో తడిసి వచ్చింది. గుమ్మంలో నా చెప్పులు చూసి ఆగింది. లోపలికి వచ్చి పొయ్యి చూసింది, పెనం చూసింది, నా వేళ్ల మీద బొబ్బలు చూసింది. కాళ్లు కడుక్కుని పీట వేసుకుంది.

రొట్టె, వంకాయ కూర పెట్టాను. మొదటి ముక్క నమిలింది.

"రొట్టెలో ఉప్పు వేయలేదు."

"మర్చిపోయాను."

లేచి ఉప్పు తెచ్చుకుంది. అద్దుకుని, తల ఎత్తకుండా తిన్నది. ఎవరు నేర్పారంది, చెప్పాను. పొద్దున రొట్టెలు చేస్తే బడికి కూడా కట్టుకువెళ్లవచ్చా అని అడిగింది. వెళ్లవచ్చన్నాను.

"అయితే పిండి కలిపే ఎసట్లోనే ఉప్పు వెయ్యండి," అని పళ్లెం ముందుకు జరిపింది. ఇంకో రొట్టె వేశాను.